పరుల ఊపిరి – శరణుని ఆచారము

శ్రీ గురు బసవలింగాయ నమః



కొన్ని సంవత్సరముల క్రిందట ఒక గ్రామమున ఒక భక్తుని యింటికి లింగపూజా నిమిత్తమై వెళ్ళితిని. ఆ యింటి పెద్దకు డెబ్బది యేండ్లు దాటినవి. నుదుట త్రిపుండ్రము, మెడలో రుద్రాక్షలు, వక్షమున ఇష్టలింగము. నేను వీధి మలుపు తిరుగునప్పటికి ఆయన అరుగు మీద కూర్చుండి చుట్ట కాల్చుచుండెను. నన్ను చూచినంతనే తటాలున లేచి, చుట్టను గోడకు రాచి ఆర్పి, చూరులో దోపి, నోరు పుక్కిలించి వచ్చి, "అయ్యవారూ, శరణు శరణార్థి. పాడు అలవాటు, మన్నించండి" అనెను. నేనేమియు అనలేదు. పూజ జరిగినది. ప్రసాదము స్వీకరించితిమి. నేను బయలుదేరు సమయమున ఆయన మనుమడు, నాలుగేండ్ల పసివాడు, నా దగ్గరకు వచ్చి, "మీరు వెళ్ళిపోయాక తాతయ్య మళ్ళీ చుట్ట తీస్తాడు" అని చెప్పెను. ఇంటిల్లపాదియు నవ్విరి. ఆ పెద్దయు నవ్వెను. నాకు మాత్రము నవ్వు రాలేదు. ఆ రెండు మాటలు చెప్పులోపల ఆ పసివాడు రెండు మారులు దగ్గినాడు.

తిరుగు దారిలో నన్ను ఒకే ప్రశ్న వెంటాడినది. ఆ పెద్ద ఎవరిని చూచి చుట్ట ఆర్పెను? ఒక గడియ యుండి వెళ్ళిపోవు నన్ను చూచి ఆర్పెను. రొమ్ము మీద రేయింబవళ్ళు వెలయుచున్న లింగమును చూచి ఆర్పలేదు. ఒడిలో ఆడుకొను పసివానిని చూచి ఆర్పలేదు. పోవువానికి భయపడి, పోనివారిని మరచుట న్యాయమా?

నేటి ప్రసంగమునకు ఆ ప్రశ్నయే మూలము. బహిరంగ స్థలములలో పొగ త్రాగరాదని మన దేశమున చట్టము కలదు. ఆసుపత్రిలో, బస్సులో, కచేరిలో, భోజనశాలలో దానిని సూచించు పలకలను మనమందరము చూచుచునే యున్నాము. పోలీసువాని చూచి ఆర్పుట ఒక విధము. లింగమును చూచి ఆర్పుట వేరొక విధము. మొదటిది చట్టము. రెండవది ఆచారము. చట్టము ఎంతవరకు పోగలదు, ఎచ్చట నిలిచిపోవును, అది నిలిచిన చోటనుండి ఆచారము ఎట్లు బయలుదేరవలెను అను విషయమును మీతో కలిసి విచారింపవలెనని నా కోరిక.

"బసవేశ్వరుడు పొగాకును గూర్చి ఏమి చెప్పెను?" అని యువకులు కొందరు అడుగుచుందురు. సత్యమే చెప్పవలెను. ఆయన ఏమియు చెప్పలేదు. చెప్పుటకు అవకాశమే లేదు. 12వ శతాబ్దమున మన దేశమునకు పొగాకు తెలియదు. అమెరికా ఖండమున పుట్టిన ఆ మొక్కను తరువాతి కాలమున పోర్చుగీసు వర్తకులు సముద్రము దాటించి మన రేవులకు చేర్చిరి. అక్బరు చక్రవర్తి చివరి రోజులలో ఆయన దూతయైన అసద్ బేగ్ బిజాపురమునకు వచ్చి, అచ్చట పొగాకును చూచి, వింత వస్తువని ఆగ్రాకు కొనిపోయెను. బసవేశ్వరుడు జన్మించిన బాగేవాడి ఆ బిజాపురపు సీమలోనిదే యగుట గమనింపదగినది. ఆ మహాత్ముడు పుట్టిన నేలమీదికి పొగాకు వచ్చునప్పటికి ఆయన లింగైక్యుడై నాలుగు శతాబ్దములు గడచినవి. అక్బరు కుమారుడైన జహంగీరు 1617లో పొగాకును నిషేధించెను. ఆ ఆజ్ఞ గ్రంథములలో నిలిచినది గాని జనులలో నిలువలేదు. రాజాజ్ఞ ఒక్కటియే అలవాటును ఆపజాలదనుటకు ఇది తొలి పాఠము.

బసవేశ్వరుడు పొగాకు పేరు చెప్పకపోయినను, దానిని కొలుచుటకు కొలమానమును మన చేతికిచ్చి వెళ్ళినాడు. ఆ కొలమానము అర్పితము. శరణుడు దేనినైనను ముందు లింగమునకు అర్పించి, ప్రసాదముగా తిరిగి గ్రహించును. అన్నమైనను, నీరైనను, పూవైనను, వస్త్రమైనను అర్పింపక ముట్టడు. రూపును ఇష్టలింగమునకు, రుచిని ప్రాణలింగమునకు, తృప్తిని భావలింగమునకు అర్పించుట మన సంప్రదాయము. సోదరులారా, ఒక్క మారు ఆలోచింపుడు. బీడీని గాని, సిగరెట్టును గాని అరచేతిలోని ఇష్టలింగమునకు చూపి, "స్వామీ, దీనిని స్వీకరింపుము" అని అర్పింపగలవారు మనలో ఎవరైన కలరా? చేయి వణకదా? అర్పింపరానిది ప్రసాదము కాదు. ప్రసాదము కానిది శరణుని నోటికి తగదు. ఇందుకు వేరు శాస్త్రము వెదుకనక్కరలేదు.

కొందరు దీనికి ఒక ఉపాయము కనుగొనిరి. పూజకు ముందు త్రాగరు, పూజ ముగిసిన తరువాత త్రాగుదురు. గుడికి పోయి దైవమును కొలుచువానికి గుడి వెలుపల అను చోటు ఒకటి యుండవచ్చును. లింగధారికి ఆ వెలుపల ఎక్కడ? లింగము లేని చోటు, లింగము లేని గడియ మన జీవితములో లేదు. కావున లింగము ముందు కాల్చని పొగ యనునది లింగాయతునకు లేనే లేదు.

ఇది త్రాగువానిని గూర్చిన విషయము. ఇంతకంటె పెద్ద విషయము ప్రక్కనున్నవానిది. షట్‌స్థల సిద్ధాంతమున ఒక్కొక్క ఇంద్రియమునందు ఒక్కొక్క లింగము నెలకొని యున్నదని పెద్దలు చెప్పిరి. నాలుకయందు గురులింగము, నేత్రమునందు శివలింగము, చర్మమునందు జంగమలింగము. మరి నాసికయందు? ఆచారలింగము. వాసనను గ్రహించు ముక్కే ఆచారలింగమునకు స్థానము. ఇప్పుడు చెప్పుడు: మనము వదలిన పొగ ప్రక్కవాని ముక్కులోనికి పోవుచున్నప్పుడు అది ఎవరి పీఠమును తాకుచున్నది? తన ముక్కును తాను పాడుచేసికొనుట ఒక దోషము. పరుని ముక్కునందలి ఆచారలింగమును వాని అనుమతి లేకయే ధూమముతో కప్పుట అంతకంటె పెద్ద దోషము.

ఇది కేవలము భావన కాదు, వైద్యులును నిరూపించిన విషయము. 1981లో జపాను దేశపు శాస్త్రవేత్త హిరయామా ఒక విషయమును లోకమునకు తెలిపెను. అధికముగా సిగరెట్లు కాల్చు భర్తలతో కాపురము చేయు స్త్రీలు, తాము ఒక్క సిగరెట్టైనను ముట్టనివారు, ఊపిరితిత్తుల క్యాన్సరుకు ఎక్కువగా గురియగుచుండిరి. ఆ దినముల నుండి నేటివరకు జరిగిన పరిశోధనలు ఆ సత్యమునే స్థిరపరచినవి. పొగాకు పొగలో 7,000కు పైగా రసాయనములు కలవు. వానిలో సుమారు 70 క్యాన్సరును కలిగించునవి. పొగాకు వలన ప్రపంచమున ఏటేట 70 లక్షలకు పైగా జనులు మరణించుచుండగా, వారిలో 10 లక్షలకు పైగా ఎన్నడును తాము కాల్చక, ఇతరులు వదలిన పొగను పీల్చినవారే. వారు చేసిన తప్పేమి? పొగ త్రాగువాని ప్రక్కన కూర్చుండుటయే.

ఇక చట్టము పుట్టిన కథను వినుడు. పానశాలల మాట లింగాయతుల పత్రికలో ఏల అని కొందరు పెద్దలు ముక్కు మీద వ్రేలు వేసికొందురేమో. మద్యము మనకు నిషిద్ధము. అందు సందేహము లేదు. అయినను ఆ పానశాలనుండియే మన కాయక సిద్ధాంతమునకు సాక్ష్యము వచ్చినది గావున చెప్పవలసి యున్నది.

2004వ సంవత్సరము మార్చి 29వ తేదీన ఐర్లండు దేశము పని జరుగు మూసిన స్థలములలో, పానశాలలతో సహా, పొగ త్రాగుటను నిషేధించినది. దేశమంతటను అట్లు చేసిన మొదటి దేశమదియే. ఆ దేశమున పానశాల యనగా మన పల్లెలోని రచ్చబండ వంటిది. ఇరుగుపొరుగువారు చేరుట, పాటలు పాడుకొనుట, కబుర్లు చెప్పుకొనుట అన్నియు అచ్చటనే. అట్టి చోట పొగ మాన్పించుట అసాధ్యమని అనేకులు ఎగతాళి చేసిరి. యజమానులు బేరములు పోవునని మొరపెట్టిరి. ప్రభుత్వము మాత్రము తన వాదమును త్రాగువాని మీద నిలుపలేదు. "అచ్చట గ్లాసులు అందించు పనివాని మాటేమి?" అని అడిగినది. వచ్చినవాడు ఒక గంట కూర్చుండి వెళ్ళిపోవును. పనివాడు ఎనిమిది గంటలు, ప్రతిదినము, ఏండ్ల తరబడి అందరు వదలిన పొగను పీల్చుచుండును. కూటికొరకు పని చేయువాడు తన ఊపిరితిత్తులను కూలికి ఈయవలెనా? ఈ ఒక్క ప్రశ్న ముందు మిగిలిన వాదములు నిలువలేదు.

ఫలమేమైనది? మొదటి సంవత్సరముననే తనిఖీ చేసిన స్థలములలో నూటికి తొంబదికి పైగా నియమమును పాటించుచుండెను. పొగ త్రాగని పానశాల పనివారి లాలాజలమును పరీక్షించి చూడగా, పరుల పొగ వలన చేరు పొగాకు జాడ సుమారు 80 శాతము తగ్గినది. వారి దగ్గును, గొంతు మంటయు తగ్గినవి. 2006 మార్చి 26న స్కాట్లండు ఇట్టి నియమమునే చేసినది. తరువాత అచ్చటి తొమ్మిది ఆసుపత్రులలో లెక్క చూడగా, తీవ్రమైన గుండెజబ్బుతో వచ్చి చేరువారి సంఖ్య 17 శాతము తగ్గినది. ఎన్నడును పొగ త్రాగనివారిలో ఆ తగ్గుదల ఇంకను ఎక్కువ, 21 శాతము. ఇంగ్లండు 2007 జూలై 1న ఆ బాటనే నడచినది.

కాయకమే కైలాసమని నమ్ము మనకు ఇందులో క్రొత్త యేమి కలదు? కల్యాణ నగరమున బట్టలుదుకు మడివాళ మాచయ్యయు, పడవ నడుపు అంబిగర చౌడయ్యయు, త్రాళ్ళు పేను నులియ చందయ్యయు అనుభవ మంటపమున సమాన పీఠమును పొందిరి. పని చేయువాని దేహము పూజ్యమని బసవేశ్వరుడు ఆనాడే చాటెను. ఆ సూత్రమును ఐర్లండు వారు తమకు తెలియకయే ఆచరించిరి. మనము తెలిసియు మరచితిమి. ఈనాడు హైదరాబాదులోను, బెంగుళూరులోను మన పిల్లలే హోటళ్ళలోను, కార్యాలయములలోను పని చేయుచున్నారు. వారి కాయక స్థలమునందలి గాలి శుద్ధముగా నుండవలెనని కోరుట మనకు పరాయి విషయమా?

మన దేశమున ఈ మార్గము న్యాయస్థానముల నుండి మొదలైనది. 1999 జూలైలో కేరళ ఉన్నత న్యాయస్థానము బహిరంగ స్థలములలో పొగ త్రాగుట రాజ్యాంగము 21వ అధికరణమున ఇచ్చిన జీవించు హక్కునకు భంగకరమని తీర్పు చెప్పినది. 2001 నవంబరు 2న సుప్రీంకోర్టు మురళీ దేవరా వ్యాజ్యమున ఆసుపత్రులు, విద్యాలయములు, గ్రంథాలయములు, న్యాయస్థానములు, ప్రభుత్వ కార్యాలయములు, రైళ్ళతో సహా ప్రయాణ సాధనములు మొదలగువానిలో పొగ త్రాగుటను నిషేధింపవలెనని దేశమంతటికిని ఆజ్ఞాపించినది. 2003లో పార్లమెంటు చట్టము చేసినది. ఆ చట్టము క్రింద 2008 అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు, క్రొత్త నియమములు అమలునకు వచ్చినవి. భోజనశాలలు, సినిమాహాళ్ళు, పని స్థలములు, పానశాలలు అన్నియు నిషేధములో చేరినవి. పొగ త్రాగరాదను పలకను కట్టవలెను. బూడిద తట్టలు గాని, అగ్గిపెట్టెలు గాని అచ్చట ఉంచరాదు. తప్పిన వానికి 200 రూపాయల వరకు జరిమానా. ముప్పది గదుల హోటళ్ళకు, ముప్పది మంది కూర్చుండు భోజనశాలలకు, విమానాశ్రయములకు ప్రత్యేకముగా ఒక పొగ గది పెట్టుకొను వెసులుబాటు చట్టమే ఇచ్చినది. 2017లో ఆ గదిలో వడ్డన సేవలు చేయరాదని కట్టడి చేసిరి. పనివాని ఊపిరిని కాచు తలంపు అందులోను కనబడుచున్నది. 2024లో తెలంగాణ శాసనసభ హుక్కా కేంద్రములను నిషేధించు బిల్లును ఆమోదించినది. 2025లో కర్ణాటక ప్రభుత్వము జరిమానాను 1,000 రూపాయలకు పెంచినది.

ఒక్క మాటను మఠాధిపతులును, కార్యకర్తలును గమనింపవలెను. చట్టము దృష్టిలో ప్రజలు వచ్చిపోవు కట్టడమెల్ల బహిరంగ స్థలమే. మన దాసోహ భవనములు, కల్యాణ మంటపములు, వసతి గృహములు అన్నియు అందులోనివే. పెండ్లిలో వియ్యాలవారికి పళ్ళెరములో తాంబూలముతో పాటు సిగరెట్టు పెట్టెలను త్రిప్పు వాడుక ఒకప్పుడు కొన్ని యిండ్లలో ఉండెడిది. అది మర్యాద యని అనుకొనెడివారు. లింగము సాక్షిగా ఒకటగు దంపతుల ముందు ఆ పొగ ఏ మర్యాదకు గుర్తు?

ఇక చట్టము నిలిచిపోవు చోటును చూడుడు. అది ఇంటి గడప దాటి లోనికి రాజాలదు. 2016-17లో మన దేశమున జరిగిన పెద్ద సర్వేలో, మూసిన స్థలములలో పని చేయువారిలో 30.2 శాతము మంది పని చోటున పరుల పొగను పీల్చుచున్నారని తేలినది. ఇంటిలో పీల్చువారు ఎందరు? పెద్దవారిలో 38.7 శాతము. చూచితిరా? అంగడిలో కంటె, కార్యాలయములో కంటె ఇంటిలోనే పొగ ఎక్కువ. పోలీసువానికి కనబడు చోట కంటె కనబడని చోటనే దోషము పెరిగినది. బస్సులో ఆర్పినవాడు ఇంటికి వచ్చి, తలుపు వేసి, ఉయ్యాల ప్రక్కన ముట్టించుచున్నాడు. బస్సులోని అపరిచితుడు "ఆర్పుమయ్యా" అని అడుగగలడు. ఉయ్యాలలోని బిడ్డ అడుగజాలదు. ఇల్లాలు అడిగిన, వినువారు ఎందరు? అందుచేతనే చట్టము ముగిసిన చోట ఆచారము మొదలు కావలెనని చెప్పుచున్నాను. గడప వెలుపల రాజ్యము కాపలా కాయుగాక. గడప లోపల కాపలా కాయవలసినది మన మెడలోని లింగము.

ఇచ్చట ఆయ్దక్కి లక్కమ్మ కథ తలపునకు వచ్చుచున్నది. ఆమె భర్త మారయ్య బసవేశ్వరుని మహామనె వాకిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట కాయకముగా గలవాడు. ఆ బియ్యముతోనే వారి దాసోహము జరిగెడిది. ఒకనాడు ఆయన వాడుక కంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. మనకు కావలసినదానికంటె ఎక్కువ తెచ్చుట ఆశ యగునని, తిరిగి పోయి ఆ వాకిటనే చల్లి రమ్మని భర్తను పంపెను. ఆ వాకిలి అందరిది. అందులో తనది కాని గింజ తనకు వలదు. ఎంతటి వివేకము!

మన చుట్టునున్న గాలియు అట్టి వాకిలియే. అది శివుని మహామనె. దానికి గోడలు లేవు, కంచెలు లేవు, ధర లేదు. శ్రీమంతునకును, కూలివానికిని, నేడు పుట్టిన బిడ్డకును సమముగా పంచబడుచున్న దాసోహమది. లక్కమ్మ ఎక్కువైన బియ్యమును వెనుకకు పంపినది. పొగ త్రాగువాడు పరుల వంతు గాలిని తీసికొనుటయే కాక, దానిలో విషము కలిపి తిరిగి ఇచ్చుచున్నాడు. దాసోహపు పంక్తిలో తన విస్తరి ముగించి, ప్రక్కవాని విస్తరిలో బూడిద చల్లువానిని మనమేమందుము? పంక్తి నుండి లేపుదుము. గాలి పంక్తిలో మాత్రము ఊరకుందుమా? బూడిద యనగా గుర్తు వచ్చినది. నుదుట ధరించు విభూతియు భస్మమే, సిగరెట్టు కొన నుండి రాలునదియు భస్మమే. ఒకటి ఆశలను కాల్చగా మిగిలిన దానికి గుర్తు. రెండవది ఆశయే మనలను కాల్చుచున్నదనుటకు గుర్తు.

కొందరు మరియొక ప్రశ్న వేయుదురు. "పొగాకును పండించియు, బీడీలు చుట్టియు బ్రతుకువారి గతి యేమి?" ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. పొగాకు బోర్డు గుంటూరులో 1976లో ఏర్పడినదనిన, ఆంధ్ర రైతు బ్రతుకులో ఆ పంటకు గల స్థానము తెలియుచున్నది. తెలంగాణమున నిజామాబాదు, జగిత్యాల మొదలగు ప్రాంతములలో వేలాది తల్లులు తునికాకు చేటలు ఒడిలో పెట్టుకొని, దినమంతయు బీడీలు చుట్టుచున్నారు. వారిని దూషించు హక్కు మనకు లేదు. పొగాకు ధూళిని పీల్చుచు, వంగిన నడుముతో పిల్లలను చదివించుచున్నవారు వారు. వారి కష్టము నిజమైన కష్టమే. కాని కాయకమునకు రెండు కన్నులుండవలెను: ఒకటి చేయువాని మేలు, రెండవది పరుల మేలు. ఈ పనిలో రెండును చెడుచున్నవి. కావున వారికి వేరు పంట, వేరు పని దొరకు మార్గమును చూపుట సమాజము యొక్క విధి. మఠములు నడుపు విద్యాలయములలో ఆ తల్లుల బిడ్డలకు చోటు కల్పించుట, కుట్టుపని వంటి విద్యలు నేర్పించుట దాసోహములోని భాగమే. పనిని విడువుమని చెప్పు నోటికి, అన్నము పెట్టు చేయి తోడు కావలెను.

చివరిగా, చెప్పవలసిన తీరు. పంచాచారములలో గణాచారము కలదు, భృత్యాచారము కలదు. ధర్మమునకు హాని జరుగుచుండగా చూచుచు ఊరకుండకుము అనునది గణాచారము. నేను అందరికంటె చిన్నవాడను, అందరికి సేవకుడను అను వినయము భృత్యాచారము. మొదటిది లేనివాడు పిరికివాడగును. రెండవది లేనివాడు కలహప్రియుడగును. పొగ త్రాగువాడు పాపి కాడు, మన శత్రువు కాడు. అలవాటునకు చిక్కి అలమటించువాడు. కావున కోడలు, "మామయ్యగారూ, పిల్లవాడు దగ్గుతున్నాడు, మీరు ఇంట్లో కాల్చకుండా ఉంటే వాడికి మందు పోసినట్టే" అని చెప్పవచ్చును. రైలులో, "అన్నా, ముసలమ్మ ఉంది, ఆర్పెయ్యవా" అని అడుగవచ్చును. అడుగుట సిగ్గు కాదు. వినుట చిన్నతనము కాదు. మానవలెనని తలచి మానలేనివాడు వైద్యుని చూచుట అవమానము కాదు. పొగాకు పెట్టెల మీదనే ముద్రింపబడిన 1800-11-2356 అను ఉచిత దూరవాణికి మాట్లాడినచో, మానుటకు తోడ్పడు సలహాను ఇచ్చువారు కలరు. గురువు చేయి పట్టుకొనుట వలెనే అదియు ఒక చేయి.

ఈ పత్రికను చదువు ప్రతి కుటుంబమును మూడు నియమములను లింగము ముందు స్వీకరింపుమని కోరుచున్నాను. ఒకటి: ఇంటి కప్పు క్రింద ఎవరును, అతిథియైనను, పొగ త్రాగరాదు. రెండు: మన పెండ్లిండ్లలో, జాతరలలో, మఠ ప్రాంగణములలో, చట్టము వర్తించు చోటనే కాక ఆరుబయటను, జనులు కూడిన చోట పొగ ఉండరాదు. చట్టము ఆరుబయటిని చాలవరకు విడిచినది, ఆచారము విడువరాదు. మూడు: దీక్ష పొందు ప్రతి బాలునికిని, బాలికకును, అర్పింపరాని దానిని ముట్టరాదను మాటతో పాటు పొగాకు పేరును స్పష్టముగా చెప్పవలెను. పదునెనిమిదేండ్లు నిండనివారికి అమ్మరాదని దేశ చట్టము చెప్పుచున్నది. ఏ వయస్సునను ముట్టరాదని దీక్ష చెప్పవలెను.

మొదట చెప్పిన పెద్దను ముగింపున తలచుకొనుట ధర్మము. మరుసటి యేడు శివరాత్రికి ఆయన మనుమని వ్రేలు పట్టుకొని మఠమునకు వచ్చెను. నేను అడుగలేదు. ఆయనయే చెప్పెను. "అయ్యవారూ, మీ దగ్గర అబద్ధమెందుకు? పూర్తిగా మానలేదు. కానీ ఆరోజు వీడన్న మాట గుచ్చుకుంది. అప్పటినుంచి ఇంట్లో గాని, అరుగు మీద గాని ముట్టించలేదు. చేను గట్టుకు పోతే ఎప్పుడైనా ఒకటి. అదీ లింగాన్ని చేత్తో తడుముకుని, ఒక్కోసారి చుట్ట పారేస్తున్నాను." ఆ మాట చెప్పుచు ఆయన సిగ్గుపడెను. నేను మాత్రము ఆయనకు చేతులు మోడ్చితిని. ఆయన ఇంకను తన్ను తాను జయింపలేదు. కాని పసివాని ఊపిరిని ముందు గెలిపించెను. ఆ గట్టు మీద ఆయనను చూచుటకు పోలీసువాడు లేడు, అయ్యవారు లేడు. అచ్చటను చేయి లింగమును తడుముకొన్నదనిన, ఆచారము ఆయనలో మేల్కొన్నది. తక్కిన దారిని అది చూపును.

పసివాడు ఆ దినమంతయు ప్రాంగణమున పరుగెత్తుచుండెను. దగ్గు వినబడలేదు.

బంధువులారా! మనము వదలు ప్రతి ఊపిరియు పరులకు పీల్చదగినదై యుండుగాక! మన ఇండ్లు, మన మఠములు, మన కాయక స్థలములు శుద్ధమైన గాలితో నిండుగాక! పరుల ఊపిరియందు శివుని చూడగలుగు దయను కూడల సంగమదేవుడు మనకందరకును ప్రసాదించుగాక!

శరణు శరణార్థి.